శీతాకాలంలో మోస్కా రంగు

హోల్టకోట్, ఉత్తర ఐస్‌లాండ్
అక్టోబరు నెలాఖరు

గౌరవనీయ విదేశాంగ మంత్రివర్యులు ఆల్దిస్ గారి సముఖమునకు,

విషయం: తమరి నిష్క్రమణ తరువాత స్వదేశంలో నెలకొన్న పరిస్థితులు.

తమరు బయలుదేరిన నాటినుండి హోల్టకోట్ గణతంత్రంలో శాంతిభద్రతలు అదుపులో ఉన్నాయని తెలియజేయుటకు సంతోషిస్తున్నాము. జనాభా సగానికి పడిపోయింది. ప్రతిపక్షం లేనందున మంత్రివర్గ సమావేశాలు తొందరగా ముగుస్తున్నాయి. కాఫీ మాత్రం పాత అలవాటు కొద్దీ ఇద్దరికి సరిపడా కాస్తున్నాము. మిగిలినది ఆంతరంగిక వ్యవహారాల మంత్రే, అనగా తమ అన్నగారే, తాగవలసి వస్తోంది. తత్ఫలితంగా ఆయనకు నిద్ర పట్టడం లేదు. దీనికి తమరే బాధ్యులు.

ఫోనులో మాట్లాడుకుంటే మూడో మాటకు తగవు వస్తుంది కనుక, చిన్ననాటి మన సర్కారు పద్ధతిలోనే ఉత్తరాలు నడపాలన్న తమ ప్రతిపాదనను ఆమోదించడమైనది. నాన్న ఉన్న రోజుల్లో భోజనాల బల్లకు ఆ చివర తమరు, ఈ చివర మేము కూర్చుని ఒకరిమీద ఒకరం వినతిపత్రాలు విసురుకునేవాళ్ళం. ఇప్పుడు బల్ల కాస్త పొడవైందని భావిస్తాము.

తమరు వెళ్ళిన వీసా గురించి పక్క పొలం ఉన్నుర్ అత్తకు వివరించబోయి నిన్ననే భంగపడ్డాము.

"పనా, సెలవా? రెండూ ఒకేసారి ఎట్లా కుదురుతాయిరా?"

"ఏడాదిపాటు జపాను చూస్తుంది అత్తా. ఖర్చులకు అక్కడే ఏదో పని చేసుకుంటుంది."

"ఏం పని?"

"ఒక సత్రం ముందు మంచు ఎత్తిపోయడం."

ఆమె మన వాకిట్లో పేరుకున్న మంచు వైపు చాలాసేపు చూసింది. "మంచు చాలట్లేదని పిల్ల నాతో ఒక్క ముక్క చెప్పలేదే. మా ఇంటి ముందుది కూడా ఇచ్చేదాన్ని," అంది.

ఇక ఒప్పందం గురించి. గడ్డిపరకలు లాగి వంతులు వేసుకున్నప్పుడు పొడుగు పరక తమరికి వచ్చిన సంగతి విదితమే. అందువల్ల తమరు ముందు వెళ్ళారు. వచ్చే సెప్టెంబరులో కొండమీది గొర్రెలను కిందికి తోలే జాతరకు తమరు తిరిగి వచ్చి పొలం అందుకుంటారు, మేము వెంటనే బయలుదేరతాము. ఆ వీసాకు వయసు హద్దు ఉంది. ఆ తరువాతి నవంబరులో వచ్చే మా పుట్టినరోజు ఆ హద్దుకు అవతల పడుతుంది. కాబట్టి తమరు ఒక్క గొర్రెల జాతర తప్పితే మాకు ఈ జన్మకు సెలవు లేనట్టే. ఇది బెదిరింపు కాదు, క్యాలెండరు.

తమ గుర్రం మోస్కా క్షేమం. నిన్న చలిగా ఉండి తమరి పాత కోటు వేసుకుని దొడ్డికి వెళ్ళాము. కంచె దాకా పరుగెత్తుకొచ్చి, కోటు వాసన చూసి, తల ఎత్తి, లోపల ఉన్నది మేమని గుర్తించి ముఖం తిప్పుకుంది. ఇంతటి అవమానం మాకు ఎన్నికల్లో కూడా జరగలేదు.

అక్కడ గుర్రాలు ఉంటే నిరభ్యంతరంగా ఎక్కవచ్చు. అయితే వాటిని తాకిన చేతితొడుగులు మాత్రం వెంట తేరాదు. బయటి జబ్బు ఒక్కటీ మన గుర్రాలకు తెలియదు. ఈ దీవి దాటి వెళ్ళిన మన గుర్రాన్నే మళ్ళీ లోపలికి రానివ్వని చట్టం, తమరి తొడుగులను రానిస్తుందా?

భవదీయుడు,
కోల్బెయిన్
ఆంతరంగిక వ్యవహారాల మంత్రి. పశుపోషణ శాఖ అదనపు బాధ్యతలతో


హొక్కైదో, జపాను
డిసెంబరు

గౌరవనీయ ఆంతరంగిక వ్యవహారాల మంత్రివర్యులకు,

విషయం: విదేశీ పర్యటనపై ప్రథమ నివేదిక.

భూగోళాన్ని సగం చుట్టి వచ్చి ఇంతవరకు చూసిన వింతలు ఇవి: మంచు, అగ్నిపర్వతం, వేడినీటి బుగ్గలు, చేప. వీటిని చూడటానికి నేను దాచుకున్నదంతా ఖర్చుపెట్టానన్న విషయం ఉన్నుర్ అత్తకు తెలియనివ్వవద్దని ప్రార్థన.

సత్రం యజమాని హత్సుయే అమ్మగారు. మనిషి పిచ్చుకంత ఉంటారు, సత్రమంతా ఆవిడ దగ్గుకు వణుకుతుంది. నేను పొద్దున్నే లేచి వాకిట్లో మంచు ఎత్తిపోస్తాను, పరుపులు మడతపెడతాను, అతిథులు వెళ్ళేటప్పుడు వాళ్ళ కారు మలుపు తిరిగేదాకా వంగి చేతులు ఊపుతాను. మన దేశంలో అతిథి వెళ్ళిపోతే తలుపు వేసుకుంటాం. ఇక్కడ చలిలో నిలబడతారు. మొదట్లో నవ్వొచ్చేది. ఇప్పుడు కారు మలుపు తిరగకముందే ఎవరైనా చెయ్యి దించితే కోపం వస్తోంది.

భాష విషయంలో ఒక ముఖ్యమైన ఆవిష్కరణ జరిగింది. మొన్న ఒక పెద్దాయన వచ్చి, తన కుక్కను కూడా వేడినీటి తొట్లో దించవచ్చా అని అడిగాడు. హత్సుయే అమ్మగారు వంగి, "ఆలోచిస్తామండీ," అన్నారు. నేను వెంటనే పరుగెత్తి ఒక తువ్వాలు తెచ్చాను. వంటగదిలో పనిచేసే మినోరి నన్ను పట్టుకుని ఆపింది.

"ఎవరికే ఆ తువ్వాలు?"

"కుక్కకి. ఆలోచిస్తామన్నారుగా!"

"అయ్యో నా తల్లీ! ఆలోచిస్తామంటే కుదరదని అర్థం. ఆ ముసలాయనకు అర్థమైంది, కుక్కకు కూడా అర్థమైంది. నీకే కాలేదు."

చూస్తే ఆయన అప్పటికే కుక్కను కారెక్కిస్తున్నాడు, ఎంతో సంతోషంగా, మర్యాదగా.

కనుక విదేశాంగ శాఖ నిఘంటువులో ఈ క్రింది విధంగా నమోదు చేయడమైనది. ఆలోచిస్తాను: క్రియ. అర్థం: లేదు, రాదు, కుదరదు. ఎదుటివాళ్ళు నొచ్చుకోకూడదనుకున్నప్పుడు వాడేది. ఈ లేఖను దాచి ఉంచండి. వచ్చే ఏడు తమరికి పనికొస్తుంది.

మోస్కాకు చలికోటు ఎంత ఒత్తుగా వచ్చింది? ఎడమ చెవి వెనక గోకండి. కుడి చెవి జోలికి పోవద్దు, అది నాది.

ఇట్లు,
ఆల్దిస్
విదేశాంగ మంత్రి, మంచు తొలగింపు శాఖ


హోల్టకోట్
ఫిబ్రవరి

గౌరవనీయ విదేశాంగ మంత్రివర్యులకు,

విషయం: తమ లేఖకు ప్రత్యుత్తరం.

తమ లేఖ అందినది. ఆలస్యమునకు చింతిస్తున్నాము.

గొర్రెలు బాగున్నవి. ఎండుగడ్డి వేసవి దాకా సరిపోవును. గాలికి ఊడిన కొట్టం రేకు తిరిగి బిగించబడినది.

మోస్కా విషయమై: తగిన ఏర్పాట్లు చేయబడినవి. దాని బాగోగులు చక్కగా చూడబడుచున్నవి. మొన్నటి తుపానులో మంచు మధ్య మంచువలె తెల్లగా నిలబడి, కళ్ళు తప్ప మరేమీ కనిపించక, చూడముచ్చటగా ఉండినది.

ఆకురేరి పట్నములో ఉంటున్న అమ్మ ఫోను చేసినది. కులాసా. తమరు కూడా ఆమెతో అప్పుడప్పుడు మాట్లాడుచున్నారని విన్నాము. సంతోషము.

కాఫీ ఇప్పుడు ఒకరికి సరిపడా మాత్రమే కాచబడుచున్నది.

ఇట్లు,
ఆంతరంగిక వ్యవహారాల మంత్రి


హొక్కైదో
మార్చి

అన్నయ్యా,

ఈసారి విషయం, సూచిక ఏమీ పెట్టట్లేదు.

నీ లేఖ భోజనాల వేళ వచ్చింది. మినోరి పక్కన కూర్చుని బిగ్గరగా చదువుతూ, మా అన్న ఎంత గంభీరంగా అబద్ధాలాడతాడో చూడమని నవ్వుతూ ఆమెకు అర్థం చెబుతున్నాను. మంచువలె తెల్లగా అన్నచోట ఆగిపోయాను. "ఏమైంది?" అంది మినోరి. "ఏం లేదు," అన్నాను. పరుపులు మడతపెట్టడానికి పైకి వెళ్ళాను, ఒక్కటి కూడా మడతపెట్టలేదు.

మోస్కా తెల్లబడేది వసంతంలో, చలికోటు రాలిపోయేటప్పుడు. ఫిబ్రవరిలో అది కాలిన కట్టె రంగు. మంచులో దాన్ని ఆమడ దూరం నుంచి గుర్తుపట్టవచ్చు. కాలాన్నిబట్టి రంగు మారే పిల్ల పుట్టిందని నాన్న మురిసిపోయి, పొద్దున ఒకలా సాయంత్రం ఒకలా ఉండే మసక అని అర్థం వచ్చేలా దానికి మోస్కా అని పేరు పెట్టాడు. ఆ రోజు నువ్వూ ఉన్నావు, లాంతరు పట్టుకున్నది నువ్వే. ఆ దొడ్డిలో పుట్టి పెరిగినవాడివి. దాని చలికాలపు రంగు నీకు తెలియదంటే నేను నమ్మను. తెలియక రాయలేదు నువ్వు, చూడకుండా రాశావు. కిటికీలోంచి ఒక్కసారి చూసినా ఆ మాట రాసి ఉండవు. అంటే కిటికీ అవతల అది లేదు.

జబ్బు చేసిందా? చచ్చిపోయిందా? చచ్చిపోతే చచ్చిపోయిందని రాయి. తట్టుకుంటాను. తుపానులో గుర్రం పోవడం మన ఇంట్లో కొత్తేమీ కాదు. దానికి నిన్ను తిడతానని భయపడ్డావా?

ఒక సంగతి నిన్ను ఆశ్చర్యపరుద్దామని దాచాను. ఇక దాచి లాభం లేదు. ఆగస్టు చివరికి టికెట్ తీసుకున్నాను. జాతరకు ముందే వచ్చేస్తాను, నీ ప్రయాణానికి పెట్టె సర్దేది నేనే. జనవరిలో హత్సుయే అమ్మగారు నన్ను కూర్చోబెట్టి, ఇక్కడే ఉండిపో, ఉద్యోగ వీసా నేను ఇప్పిస్తాను అన్నారు. ఆవిడ నొచ్చుకోకుండా, "ఆలోచిస్తానండీ," అన్నాను. ఆవిడ తల ఊపి, వెళ్ళేటప్పుడు నీకేం కానుక కావాలి అని అడిగారు. ఇక్కడ నా చదువు పూర్తయిందని ఆ రోజే అనుకున్నాను. నీతో చెప్పడానికి దాచుకున్న కథ ఇది. అమ్మకు మాత్రం ఫోనులో చెప్పాను, ఆవిడ సగమే విన్నట్టుంది, పొయ్యి మీద ఏదో మాడుతోందట.

ఒక్క వాక్యం రాయి. మోస్కా ఎక్కడుంది?

ఆల్దిస్


హోల్టకోట్
ఏప్రిల్

గౌరవనీయ విదేశాంగ మంత్రివర్యులకు,

విషయం: మోస్కా అను ఆడగుర్రము, ఎగుమతి.

తమ ప్రశ్నకు సమాధానముగా ఈ క్రింది వివరములు సమర్పించబడుచున్నవి.

జనవరి మాసాంతమున జర్మనీ దేశస్థులైన దంపతులు గుర్రములను చూచుటకు ఈ ప్రాంతమునకు వచ్చియుండిరి. మోస్కా వారికి నచ్చినది. అమ్మకము జరిగినది. పశువైద్య పరీక్షలు పూర్తి చేయబడి, గుర్రము విమానమున పంపబడినది. ఆరోగ్యముగా చేరినట్లు వార్త అందినది. నాన్న నోటిమాటగా దానిని తమరికి ఇచ్చిన సంగతి విస్మరించబడలేదు. అయితే కాగితములపై గుర్రము పొలము పేరిటనే ఉన్నందున చట్టవిరుద్ధమైనదేదియు జరగలేదు.

ఈ నిర్ణయమునకు దారితీసిన పరిస్థితి: అమ్మ ఫోను చేసి, "మన ఆల్దిస్ అక్కడే ఉద్యోగంలో చేరేట్టుందిరా. సత్రం ఆవిడ ఉండమంటే ఆలోచిస్తానందట," అని తెలియజేసినది. మన భాషలో ఆలోచిస్తానన్నవారు సగము ఒప్పుకొన్నట్లే. తమరు తిరిగి రారనియు, మా వంతు తప్పినదనియు భావింపబడినది. తిరిగి రాని వ్యక్తికి గుర్రముతో అవసరమేమున్నదన్న ప్రశ్న ఉత్పన్నమైనది. జరిగినది ఒక అపార్థము. అపార్థమునకు ఉభయపక్షములు బాధ్యులు.

గత లేఖలో గుర్రపు రంగు విషయమై పొరపాటు దొర్లినది. చింతిస్తున్నాము.

ఇట్లు,
ఆంతరంగిక వ్యవహారాల మంత్రి


హొక్కైదో
మే మొదట్లో

కోల్బెయిన్,

నీ లేఖలో క్రియలన్నీ ఉన్నాయి, కర్త ఒక్కడే పరారీలో ఉన్నాడు. అమ్మకం జరిగింది. మంచు కురిసినట్టు, వాగు పొంగినట్టు, మన దొడ్డిలో ఒకరోజు అమ్మకం జరిగింది. గుర్రం పంపబడింది. నిర్ణయానికి పరిస్థితి దారితీసింది. ప్రశ్న తనంతట తాను ఉత్పన్నమైంది. అంతసేపూ నువ్వెక్కడున్నావు? వంటింట్లో ఒకరికి సరిపడా కాఫీ కాస్తున్నావా?

అపార్థమన్నావు. నా డిసెంబరు లేఖ తీసి చదువు. కుక్క, తువ్వాలు, మినోరి. ఆలోచిస్తాను అంటే ఈ ఊళ్ళో అర్థమేమిటో నిఘంటువుతో సహా నీకు రాసి పంపాను, దాచి ఉంచమన్నాను. భూమ్మీద ఆ మాట అర్థం తెలిసిన ఐస్‌లాండ్ వాళ్ళం ఇద్దరమే, నేనూ నువ్వూ. అమ్మకు తెలియదు, ఆవిడను వదిలేయి. అమ్మ నోట ఆ మాట విన్న క్షణంలోనే, నేను కాదన్నది హత్సుయే అమ్మగారినని నీకు తెలుసు. నీకు తెలియదని నువ్వు తీర్మానించుకున్నావు.

ఒక్క ఫోను చెయ్యలేకపోయావా? తగవు వస్తుందనా? రావలసిన తగవే అది.

ఉన్నుర్ అత్తకు నేను ఫోను చేశాను. మొదట ఆవిడ వాతావరణం గురించి మాట్లాడింది. గొర్రెపిల్లల గురించి మాట్లాడింది. నేను వదలలేదు.

"అత్తా, అది బండి ఎలా ఎక్కింది? దానికి బండంటే భయం కదా."

"ఎక్కనంటే ఎక్కనందే. కాళ్ళు నిలదొక్కుకుని నిలబడింది. జర్మనీ ఆవిడ పాపం, వద్దులే, దానికిష్టం లేదు, వదిలేద్దాం అంది కూడా."

"మరి?"

"నన్నెందుకు అడుగుతావే, మీ అన్ననే అడుగు."

"అత్తా."

"లోపలికెళ్ళి నీ కోటు తెచ్చాడు. బండి లోపల కొక్కేనికి తగిలించాడు. అంతే, పిచ్చిది, వాసన చూసుకుంటూ ఎక్కేసింది. వాడు కోటు తీసేసుకుని తలుపు వేశాడు." తరువాత మళ్ళీ గొర్రెపిల్లల మాట ఎత్తింది. "ఆ రోజునుంచి నేను మీ ఇంటికి కాఫీకి పోవట్లేదు," అంది చివరికి.

కోటు తగిలించబడినది అని రాస్తావా దీన్ని కూడా?

ఆ కోటు దాని దగ్గరికి వెళ్ళినప్పుడు లోపల నేను ఉంటానని అది అనుకుంది. అక్టోబరులో నువ్వు వేసుకెళితే లోపల నువ్వు ఉన్నావు. ఈసారి ఎవరూ లేరు.

నాకు వివరాలు వద్దు. కారణాలు కూడా వద్దు. కర్త ఉన్న వాక్యం ఒక్కటి కావాలి. అది రాయడం చేతకాకపోతే నాకు మళ్ళీ ఉత్తరం రాయకు.

ఆల్దిస్


హోల్టకోట్
మే చివర

ఆల్దిస్,

నేను అమ్మాను.

నీ డిసెంబరు లేఖ బల్ల సొరుగులో ఉంది. అమ్మ ఫోను పెట్టేశాక తీసి చదివాను. కుక్క దగ్గర నవ్వాను కూడా. చదివి మళ్ళీ సొరుగులో పెట్టి, మర్నాడు ఆ జర్మనీ వాళ్ళకు దొడ్డి తలుపు తీశాను. కోటు నేనే తగిలించాను. ఫిబ్రవరిలో అబద్ధం నేనే రాశాను. మోస్కా వెళ్ళిపోయాక ఆ కిటికీ వైపు చూడటం మానేశాను, అందుకే రంగు తప్పింది.

కారణాలు వద్దన్నావు. అయినా ఒక్కటి చెబుతాను. నన్ను కాపాడుకోవడానికి కాదు, ఎందుకు కాపాడకూడదో నీకు తెలియాలని.

ఆ జర్మనీ ఆవిడ మోస్కా మెడ నిమురుతూ, "ఇది మాతో వస్తుందా?" అని అడిగింది. ఆమె భర్త పక్కనుంచి, "దాన్ని అడుగుతున్నావా, ఆయన్ని అడుగుతున్నావా?" అని నవ్వాడు. ఆవిడ, "ఇద్దర్నీ," అంది. ఈ పొలంలో ఎవరినైనా ఎవరైనా ఎక్కడికైనా రమ్మని అడగడం నేను వినడం అదే మొదలు. అడిగింది నన్ను కాదు. నువ్వు వెళ్ళావు. గుర్రం కూడా వెళుతుంది. నేను మీ ఇద్దరికీ తలుపులు తీసేవాణ్ణి. నా వంతు సెప్టెంబరులో నిజంగానే వస్తుందని నాకు తెలుసు, నువ్వు మాట తప్పే మనిషివి కాదనీ తెలుసు. అయినా ఆ ఒక్క పూట నువ్వు మాట తప్పావని నమ్మడం హాయిగా అనిపించింది. నమ్మాను. నమ్మినందుకు ఏదో ఒకటి చెయ్యాలి కదా, అది చేశాను. తిరిగి తెచ్చుకోలేనిది ఏదో అదే వెతికి చేశాను.

ట్రాలీ బండి మన దారి మలుపు తిరిగేదాకా నిలబడ్డాను. చెయ్యి ఊపలేదు. మీ సత్రంలో అది తప్పేమో.

వాళ్ళను బతిమాలి వెనక్కి తెచ్చుకునే వీలు లేదని నీకూ తెలుసు. వాళ్ళు ఇచ్చినా దేశం రానివ్వదు.

నా వంతు వదులుకున్నాను. ఇక నాకోసం నువ్వు రానక్కర్లేదు. నవంబరు వస్తుంది, పోతుంది. ఉన్నుర్ అత్త కంచె దగ్గర కనిపించినా తల తిప్పుకుంటోంది, మోస్కా తిప్పుకున్నట్టే. కాఫీ మళ్ళీ ఇద్దరికి సరిపడా కాస్తున్నాను, ఎందుకో తెలియదు.

గొర్రెల జాతరకు ఇంటికి వస్తావా చెల్లీ?

కోల్బెయిన్


హొక్కైదో
జులై

గౌరవనీయ ఆంతరంగిక వ్యవహారాల మంత్రివర్యులకు,

విషయం: తమ ప్రశ్నకు ప్రత్యుత్తరం.

తమ లేఖ అందినది. అందులో కర్త కనిపించినందుకు ఈ శాఖ తన సంతృప్తిని నమోదు చేయుచున్నది. తమరు చెప్పిన కారణము చదవబడినది. అది నిజమని కూడా నమ్మబడినది. నిజమైనంత మాత్రాన చేయగలిగినదేమియు లేదని తేలినది.

చిరునామా ఉన్నుర్ అత్త ద్వారా సంపాదించి, జర్మనీ దంపతులకు ఉత్తరం రాశాను. భార్య వెంటనే జవాబు ఇచ్చింది. మంచి మనిషి. దానికి ఒక యజమానురాలు ఉందన్న సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదట. మోస్కా తింటోంది, నడుస్తోంది. కాకపోతే అక్కడ వేసవిలో దోమకన్నా చిన్నవైన ఈగలు ఉంటాయి. మన దొడ్డిలో పుట్టిన గుర్రాలకు అవి పడవు. ఒళ్ళంతా దురద, రక్తం వచ్చేదాకా కంచెకు రుద్దుకుంటోందట. అందుకని తల నుంచి తోక దాకా చారల గుడ్డ కప్పి ఉంచారు. ఫొటో పంపింది. శీతాకాలమైనా, వసంతమైనా దాని రంగేమిటో ఇకమీద తమరు పొరపాటు పడనక్కర్లేదు.

ఆగస్టు టికెట్ మార్చుకున్నాను. జర్మనీలోని హాంబుర్గ్ దాకా తీసుకున్నాను. బయలుదేరుతున్నానని చెబితే హత్సుయే అమ్మగారు కానుకగా ఉన్ని చేతితొడుగులు ఇచ్చారు. ఆ తొడుగులతోనే దాని కుడి చెవి వెనక గోకుతాను. తరువాత వాటిని దీవికి తేరాదు. ఆ నిబంధన తమరే అక్టోబరులో గుర్తుచేసి ఉన్నారు. చేతుల విషయంలో చట్టం ఏమంటుందో తమరు చెప్పలేదు.

నా కోటు ఉన్నుర్ అత్తకు ఇచ్చేయవలెను. ఆవిడకు సరిపోతుంది. కొక్కేనికి తగిలించి ఉంచవద్దు.

గొర్రెల జాతరకు ఇంటికి వస్తావా అని తమరు అడిగియున్నారు.

ఆలోచిస్తాను.

ఇట్లు,
ఆల్దిస్